పలక తుడిచాక మిగిలేదే చదువు

వసంత పంచమి నాడు బాసరలో తెల్లవారకముందే క్యూలైన్లు నిండిపోతాయి. నిజామాబాద్ వైపు నుంచీ నాందేడ్ వైపు నుంచీ రైళ్లు దిగిన కుటుంబాలు గోదావరిలో స్నానాలు చేసి జ్ఞాన సరస్వతి గుడికి నడుస్తాయి. నాన్న ఒళ్లో కూర్చున్న పాపాయి చెయ్యి పట్టుకుని బియ్యంలో అక్షరం దిద్దిస్తారు. చేతిలో కొత్త పలక, బలపం. ఒక పిల్ల ఏడుస్తుంది, ఇంకో పిల్లవాడు బియ్యపు గింజలు ఏరి నోట్లో వేసుకుంటాడు. పెద్దవాళ్ల మనసులో మాత్రం ఒకటే కోరిక: బిడ్డకు మంచి చదువు రావాలి.

ఇంటికి వచ్చాక ఆ కోరికకు తొందర తోడవుతుంది. అపోహలు చేరేది అక్కడే.

అపోహ: అక్షరాభ్యాసం అయిపోయింది కాబట్టి ఇక రోజూ రాయించాల్సిందే.

అక్షరాభ్యాసం సాధారణంగా మూడో ఏటనో ఐదో ఏటనో చేస్తారు. ఆ రోజు బలపాన్ని నడిపించేది పెద్దల చెయ్యి. మూడేళ్ల పిల్లల వేళ్లకు, మణికట్టుకు గుండ్రటి తెలుగు అక్షరాలు గంటసేపు రాసే పట్టు ఇంకా రాదు. పిండిముద్దతో ఆడటం, పూసలు గుచ్చడం, చిక్కుడుకాయలు ఒలవడం ఆ పట్టును తెస్తాయి. 2020 జాతీయ విద్యావిధానం 3 నుంచి 8 ఏళ్ల వయసును ఒకే పునాది దశగా చూసి ఆటపాటలకు పెద్దపీట వేసింది. ఫిన్లాండ్‌లో ఒకటో తరగతి మొదలయ్యేదే ఏడో ఏట. ఇంకో మాట: బిడ్డ బలపాన్ని ఎడమచేత్తో పట్టుకుంటే లాగి కుడిచేతిలో పెట్టకూడదు. అది చెడ్డ అలవాటు కాదు, పుట్టుకతో వచ్చిన తీరు.

అపోహ: పాఠాన్ని పదిసార్లు చదివితే అదే వస్తుంది.

ఎక్కువ ఇళ్లలో పిల్లల సమయం ఇక్కడే వృథా అవుతుంది. రెండోసారి చదివేటప్పుడు వాక్యాలు తెలిసినవాటిలా కనిపిస్తాయి. ఆ పరిచయాన్నే పిల్లలు ‘వచ్చేసింది’ అనుకుంటారు. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులతో దీన్ని పరీక్షించారు. వాళ్లు ఒక పాఠాన్ని రెండుసార్లు చదివారు. ఇంకో పాఠాన్ని ఒకసారి చదివి, రెండోసారి చదవడానికి బదులు గుర్తున్నదంతా చూడకుండా రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివిన పాఠానిదే పైచేయి: అందులో 81 శాతం గుర్తుంది, ఇంకోదాంట్లో 75 శాతం. వారం తర్వాత లెక్క తిరగబడింది. రెండుసార్లు చదివిన పాఠంలో 42 శాతమే గుర్తుంది, చూడకుండా రాసిన పాఠంలో 56 శాతం గుర్తుంది.

మన వీధిబడులకు ఈ పద్ధతి ఎప్పుడో తెలుసు. దాని పేరే ఒప్పజెప్పడం. పలక పనీ అదే: చూసి రాయాలి, తుడవాలి, చూడకుండా మళ్లీ రాయాలి. తుడిచిన తర్వాత రాసిన అక్షరమే బిడ్డకు వచ్చిన అక్షరం. అయితే ఒప్పజెప్పడం వేరు, బట్టీ వేరు. ‘ఆకులు ఎండలో ఆహారం తయారు చేసుకుంటాయి’ అని గడగడా చెప్పి, చీకటి గదిలో పెట్టిన మొక్క ఎందుకు పాలిపోయిందో చెప్పలేకపోతే అది బట్టీయే. సొంత మాటల్లో చెప్పమనాలి, ‘ఎందుకు?’ అని అడగాలి.

ఒప్పజెప్పించడానికి కాస్త ఎడం కూడా ఉండాలి. జర్మనీకి చెందిన హెర్మన్ ఎబింగ్‌హాస్ అర్థం లేని అక్షరాల వరుసలను తానే కంఠస్థం చేసి, తన మతిమరుపును తానే కొలిచి 1885లో పుస్తకం ప్రచురించాడు. మరుపు మొదటి గంటల్లోనే వేగంగా కమ్ముతుందనీ, విడతలు విడతలుగా చదివితే శ్రమ తగ్గుతుందనీ తేల్చాడు. ఆదివారం మూడు గంటలు ఏకబిగిన కూర్చోబెట్టే బదులు అదే పాఠాన్ని నేడు, ఎల్లుండి, వచ్చే వారం అరగంట చొప్పున అడగడం మేలు.

అపోహ: పరీక్షల ముందు నిద్ర తగ్గిస్తే మార్కులు పెరుగుతాయి.

రాత్రి పన్నెండుకు పడుకున్న పిల్లవాణ్ని నాలుగింటికి లేపితే పగలు చదివింది కొంత చేజారుతుంది. చదివినదాన్ని మెదడు స్థిరపరచుకునేది ఎక్కువగా నిద్రలోనే. 6–12 ఏళ్ల పిల్లలకు 9 నుంచి 12 గంటలు, 13–18 ఏళ్లవాళ్లకు 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలని నిద్రా వైద్యనిపుణుల సూచన.

అపోహ: సరస్వతి ఆకు, జ్ఞాపకశక్తి టానిక్కులు చదువు తెచ్చిపెడతాయి.

ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు వీటితో మార్కులు పెరుగుతాయనడానికి గట్టి రుజువు లేదు. రక్తహీనత మాత్రం ఏకాగ్రతను నిజంగా దెబ్బతీస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. టానిక్కుకు పెట్టే డబ్బు గుడ్డుకూ ఆకుకూరకూ పెట్టాలి, రక్తపరీక్ష చేయించి డాక్టరు చెప్పిన మందు వాడాలి.

అపోహ: చదువు రాని తల్లిదండ్రులు, ఇంగ్లిషు రాని ఇల్లు పిల్లలకు లోటే.

బాసర దాటితే మహారాష్ట్ర. ఈ ప్రాంతంలో తెలుగుతో పాటు మరాఠీ మాట్లాడే ఇళ్లున్నాయి. ఆదిలాబాద్ వైపు వెళ్తే గోండి, కొలామీ వినిపిస్తాయి. ఇంటి భాషలో కథలు, కబుర్లు ఎంత ఎక్కువగా వింటే బిడ్డకు బడి భాష అంత తొందరగా పట్టుబడుతుంది. వీలైన చోట కనీసం అయిదో తరగతి దాకా ఇంటి భాషలోనే బోధించాలని జాతీయ విద్యావిధానం కూడా చెప్పింది. తల్లిదండ్రులకు చదువు రాకపోవడమూ అడ్డు కాదు: బాసరలోనే 2008 నుంచి ఉన్న ట్రిపుల్ ఐటీ, పదో తరగతి మార్కులతో పల్లె పిల్లలను చేర్చుకునేందుకు పెట్టిందే. వాళ్లలో తొలితరం చదువరులు ఎందరో.

నిర్మల్, నిజామాబాద్ పల్లెల్లో బీడీల చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు చుట్టే అమ్మలు ఎందరో. అలాంటి అమ్మ పక్కన పిల్ల పుస్తకం మూసి కూర్చుంటుంది. “ఇయ్యాల ఏం చెప్పిండ్రు బిడ్డా?” అంటుంది అమ్మ. వాన ఎట్లా పడుతుందో పిల్ల చెబుతుంది: నీళ్లు ఆవిరైతయి, పైకి పోతయి, మబ్బులైతయి. “మరి పైకి పోయినంక కిందికెందుకొస్తయి?” అని అడుగుతుంది అమ్మ, చేతిలో దారం చుడుతూనే. పిల్ల ఆగిపోతుంది. కాసేపు ఆలోచించి, మూసిన పుస్తకం మళ్లీ తెరుస్తుంది.