కుండీలలో పాత మట్టి పునర్వినియోగం: ఎరువుకు ముందు ఉప్పు సంగతి

డోర్నకల్‌లోని ఒక మిద్దె తోటను వేసవి ఆరంభంలో పరిశీలించినప్పుడు, రెండేళ్లు వాడిన కుండీ మట్టి బస్తాలకెత్తి పారవేయడానికి సిద్ధంగా ఉంది. దాని స్థానంలో ఊరి బయటి మిరప చేనునుండి ఎర్రమట్టి తెప్పించారు. పాతది సారం ఉడిగినదనీ, కొత్తది మేలైనదనీ ఆ ఇంటివారి నమ్మకం. చల్క నేలల్లో పైమట్టి అసలే పలుచన. దానిని తవ్వి తేవడం చేనుకు నష్టం. పైగా మిరప చేని మట్టితోపాటు ఎండు తెగులు శిలీంధ్రాలు, వేరుబుడిపెలు కలిగించే నులిపురుగులు మిద్దెపైకి చేరవచ్చు. పాత మట్టిని బాగుచేసుకోవడమే మేలు. అయితే దానికి మనం సాధారణంగా ఇచ్చే సలహా, అనగా 'కొంత వర్మికంపోస్టు కలపండి' అన్నది, చాలా సందర్భాలలో తప్పు చోట మొదలవుతుంది.

కుండీలో మొదట చెడేది మట్టి నిర్మాణం. కోకోపీట్, పశువుల ఎరువు క్రమంగా కుళ్లి మెత్తని పొడిగా మారి, గాలి ఆడే పెద్ద రంధ్రాలను పూడ్చివేస్తాయి. పైన ఎండినట్లు కనిపించే కుండీలో అడుగున నీరు నిలిచి వేర్లకు ఊపిరాడదు. వేర్ల ముక్కలను ఏరివేసి, మట్టిని జల్లించి, ముతక ఇసుక లేదా కాల్చిన వరి ఊక కలిపితే ఈ లోపం చాలావరకు తీరుతుంది. నల్లరేగడి మట్టి కలపరాదు.

లవణాల సమస్య ఇంతకంటే జటిలమైనది. లవణ సూచిక 1.5 డెసీసైమన్స్/మీటరు ఉన్న బోరు నీటిలో లీటరుకు సుమారు ఒక గ్రాము లవణాలుంటాయి. రోజుకు లీటరు చొప్పున 100 రోజులు పోస్తే కుండీలో చేరేది 100 గ్రాములు. మొక్క పీల్చుకునేది అందులో కొంతే. కొంత సున్నపు తెట్టుగా అంచులకు పేరుకుంటుంది. చేనులో వర్షపు నీరు లవణాలను కిందికి తీసుకుపోతుంది. మిద్దె మీద మాత్రం, స్లాబు తడుస్తుందన్న భయంతో, కుండీ కింద పళ్లెం పెట్టి కారిన నీటిని మళ్లీ మట్టికే పీల్పిస్తారు. ఆకు అంచులు మాడిన ఇటువంటి మొక్కకు ఎరువు చాలలేదని భావించి వర్మికంపోస్టు వేస్తే, దానిలోని లవణాలు కూడా తోడవుతాయి.

కాబట్టి ముందు పరీక్ష. నేల పరీక్షలలో మట్టిని తూకం ప్రకారం నీటితో కలుపుతారు; తేలికైన కుండీ మిశ్రమానికి ఆ పద్ధతి నప్పదు. ఘనపరిమాణం ప్రకారం ఒక వంతు మిశ్రమానికి రెండు వంతుల స్వేదన జలం కలిపి కొలవాలి. లవణ సూచిక 1.75 దాటితే కడగవలసిందే. పైరును బట్టి కూడా తట్టుకునే శక్తి మారుతుంది. మాస్, హాఫ్‌మన్ 1977లో ప్రకటించిన పట్టిక ప్రకారం, సంతృప్త మట్టి ద్రావణంలో దిగుబడి తగ్గనారంభించే స్థాయి బీన్స్‌కు 1.0, మిరపకు 1.5, టమాటకు 2.5. ఒకే మట్టిలో టమాట నిలిచి బీన్స్ మాడిపోవడంలో వింత లేదు. (ఈ అంకెలను పైన చెప్పిన 1:2 కొలతతో నేరుగా పోల్చరాదు, విద్యార్థులు తరచు పొరబడే చోటు ఇదే.)

తెగులు చరిత్రను కూడా విచారించాలి. వడలిన టమాట లేదా వంగ కాండాన్ని కోసి గాజు గ్లాసులోని నీటిలో నిలిపినప్పుడు పాలవంటి ధార దిగితే అది బాక్టీరియా ఎండు తెగులు. ఆ మట్టిని కూరగాయలకు తిరిగి వాడరాదు. పాత మట్టిని వదులుకోవలసిందేనని నేను చెప్పే సందర్భం ఇదొక్కటే.

నులిపురుగులు, శిలీంధ్రాలున్న మట్టికి మన ఏప్రిల్, మే ఎండలే మందు. ఇజ్రాయెల్ శాస్త్రవేత్త కటాన్ బృందం 1976లో వెలువరించిన సోలరైజేషన్ పద్ధతిని కుండీ మట్టికి సులువుగా అన్వయించవచ్చు. మట్టిని తడిపి 15 సెం.మీ. పొరగా పరచి, పారదర్శకమైన 25-50 మైక్రాన్ల పాలిథీన్ పట్టా కప్పి, అంచులు గాలి చొరకుండా మూసి 4-6 వారాలు ఉంచాలి. పొడిమట్టిలో వేడి సరిగా వ్యాపించదు. నల్ల పట్టా కింద మట్టి అంతగా వేడెక్కదు.

కడగడం ఆ తరువాతి పని. బోరు నీటితో ఎంత కడిగినా మట్టిలోని లవణాలు ఆ నీటి స్థాయికంటే దిగవు. అందుకు వాన నీరే తగినది. మిశ్రమం ఘనపరిమాణానికి రెట్టింపు నీరు దాని గుండా పోవాలి. అడుగున రంధ్రాలున్న ట్రేలలో 15 సెం.మీ. పొరపై మొత్తం 300 మి.మీ. వాన పడితే ఆ లెక్క సరిపోతుంది. అంతకాలం ఆగలేనివారు పైకప్పు నుండి పట్టిన వాన నీటిని విడతలుగా పోయవచ్చు. లవణాలతోపాటు నత్రజని కూడా కొట్టుకుపోతుంది గనుక ఎరువు కలపడం కడిగిన తరువాతే.

ఆ ఎరువును వేసవిలోనే తయారుచేసుకోవచ్చు. 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి అన్నది మన సిఫారసు. ఇంటి అవసరానికి 9 కిలోలు, ఒక కిలో, 200 గ్రాములు చాలు. నీడలో తడి ఆరకుండా వారం, పది రోజులు ఉంచి, నాలుగు వంతుల పాత మట్టికి ఒక వంతు చొప్పున కలపాలి. ట్రైకోడెర్మాను సోలరైజేషన్‌కు ముందే కలిపితే ఆ వేడికి అది కూడా నశిస్తుంది. టమాట, వంగ, మిరప పెరిగిన మట్టిలో తొలి పైరుగా తోటకూర వేయాలి. పాత వేర్లపై బుడిపెలు కనిపించి ఉంటే మాత్రం ఆ కుండీలలో ఒక కారు బంతి వేసి, పీకేటప్పుడు ఆ వేర్లను కూడా పరిశీలించాలి.