కాలిన మెడకు తలగడ వద్దు

దేవరకొండ, ఇబ్రహీంపట్నం వైపు బస్సులు సాగర్ రోడ్డు మీదుగా, సూర్యాపేట, చౌటుప్పల్ బస్సులు విజయవాడ రోడ్డు మీదుగా ఎల్.బి.నగర్ చేరుతాయి. పల్లెల నుంచి వైద్యానికి వచ్చేవారు చాలామంది అక్కడో, దిల్‌సుఖ్‌నగర్‌లోనో దిగుతారు. వారిలో అప్పుడప్పుడు కొంగు మెడచుట్టూ కప్పుకుని, తల వంచుకుని నడిచే స్త్రీలు కనిపిస్తారు. అది సిగ్గు కాదు. ఎత్తుదామన్నా తల లేవదు.

పొయ్యి దగ్గర చీర అంటుకునో, మరిగే నీళ్లు మీదపడో మెడ లోతుగా కాలితే గాయమైతే మానుతుంది గాని, ఆ చోట చర్మానికి సాగే గుణం పోతుంది. మచ్చ నెలల తరబడి బిగుసుకుంటూ గడ్డాన్ని ఛాతీవైపు లాగుతుంది. కింది పెదవి జారి నోరు మూతపడదు, చొంగ కారుతుంది. పసిపిల్లలకు దవడ ఎదుగుదల కూడా దెబ్బతింటుంది.

ఇందులో తలగడ పాపమూ ఉంది. నొప్పి తగ్గుతుందని ఇంట్లోవారు తలకింద మెత్తని దిండు పెడతారు. మెడ వంగి ఉంటే హాయిగానే ఉంటుంది, ఆ వంపులోనే మచ్చ గట్టిపడుతుంది. దిండు భుజాల కింద పెట్టి, మెడ వెనక్కు సాగేలా పడుకోబెట్టాలని వైద్యులు చెబుతారు.

బిగిసిపోయిన మెడకు ప్లాస్టిక్ సర్జరీ వైద్యులు శస్త్రచికిత్స చేస్తారు. మచ్చను అడ్డంగా కోసి బిగువు విడదీస్తే గడ్డం లేస్తుంది. కాని అక్కడ పెద్ద పచ్చిగాయం మిగులుతుంది. తొడ నుంచి పల్చగా తీసిన చర్మాన్ని దానిపై అతికిస్తారు. తొడ గాయం రెండు మూడు వారాల్లో తనంతట తానే మానుతుంది. మచ్చ సన్నని పట్టీలా ఉంటే ఇంగ్లీషు ‘జెడ్’ అక్షరంలా కోసి, పక్క చర్మాన్నే మార్చి కుడతారు.

కోత కంటే మత్తు ఇవ్వడమే కష్టం. మెడ వెనక్కు వాలదు కనుక శ్వాసగొట్టం మామూలు పద్ధతిలో దిగదు. రోగి మెలకువగా ఉండగానే సన్నని కెమెరా గొట్టం సాయంతో దింపుతారు. లేదా ముందు ఆ చోటు వరకే మొద్దుబార్చి మచ్చను కొంత విడదీసి, తరువాత పూర్తి మత్తు ఇస్తారు. అందుకే అనుభవమున్న మత్తు వైద్యుడు ఉన్నాడా అని ముందే అడగడం తప్పు కాదు.

ఆపరేషన్‌తో పని అయిపోదు. అతికిన చర్మం కూడా ముడుచుకుంటుంది. కనీసం ఆరు నెలలు రాత్రింబవళ్లు మెడపట్టీ ఉండాలి, వ్యాయామం చేయాలి. ఉక్కపోస్తుందనో, నాట్లు వచ్చాయనో పట్టీ గూట్లో పెడితే గడ్డం మళ్లీ కిందికి దిగుతుంది. ఇంత కష్టపడీ ఇక్కడే ఓడిపోయేవారున్నారు.

సాధారణంగా మచ్చ మెత్తబడేవరకు కొన్ని నెలలు ఆగమంటారు. నోరు మూతపడకపోతే, లేదా రోగి పసిబిడ్డ అయితే అంతకాలం ఆగరు. ఏళ్లనాటి మచ్చకైనా చికిత్స ఉంది.

ఖర్చు మాటకొస్తే, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో కాలి బిగుసుకుపోయిన అవయవాలను కదిలేలా చేసే శస్త్రచికిత్సలు ఉన్నాయి. అందం కోసం మాత్రమే చేయించుకునేవి అందులోకి రావు. తెలంగాణలో పథకం పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రిలో ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉంది. 2018లో మెట్రో వచ్చాక ఎల్.బి.నగర్‌లోగాని, దిల్‌సుఖ్‌నగర్‌లోగాని ఎక్కి ఎం.జి.బి.ఎస్.లో దిగితే ఆసుపత్రి దగ్గరే. రేషన్ కార్డు, ఆధార్, పాత చికిత్స కాగితాలు వెంట ఉంచుకోవాలి.