నడిగడ్డ పిల్లలకు గ్రీసు పాఠం

ఈ నెల ఆరో తరగతి సోషల్‌లో మన పిల్లలు ప్రాచీన గ్రీసు గురించి చదువుతున్నారు. అక్కడి కొండలు, సముద్రం, దీవులు మనుషుల రోజువారీ బతుకును ఎలా మలిచాయన్నది పాఠం. పరీక్షకు కావలసిన పాయింట్లు పిల్లల నోట్సులో ఉన్నాయి. వాటిని ఇక్కడ మళ్ళీ రాయను. క్లాసులో జరిగిన ఒక చిన్న మాట దగ్గర మొదలుపెడతాను.

గ్రీసులో ఎక్కడ నిలబడ్డా సముద్రం 140 కిలోమీటర్లకు మించి దూరం ఉండదని చెప్పాను. గద్వాల నుంచి హైదరాబాద్ అంతకన్నా దూరం. "అయితే వాళ్ళకు నీళ్ళ కరువే ఉండదు కదా సార్" అన్నాడు ఒక బాబు. అలంపూర్ వైపు నుంచి వచ్చే పాప వెనక బెంచీలో లేచి నిలబడి, "మా ఊరికి అటు కృష్ణ, ఇటు తుంగభద్ర. అయినా మా తాత బోరు ఎండిపోయింది సార్" అంది. నేను గంటసేపు చెప్పాలనుకున్న పాఠం ఆ పాప ఒక్క ముక్కలో చెప్పేసింది.

పిల్లలు ముందు పాఠంలో చదివిన మెసొపొటేమియా అనే పేరు నిజానికి గ్రీకు మాట. నదుల మధ్య దేశం అని అర్థం. కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న గద్వాల, అలంపూర్ ప్రాంతాన్ని మనవాళ్ళు నడిగడ్డ అంటారు. అర్థం దాదాపు అదే. క్లాసులో ఈ సంగతి చెబితే పిల్లల ముఖాలు చూడాలి! పుస్తకంలోని దేశం ఒక్కసారిగా పక్క మండలానికి వచ్చినట్టయింది.

అయితే మెసొపొటేమియాలో నది పొంగితే నీళ్ళు చేలల్లోకి వచ్చేవి. మన దగ్గర నది లోతున పారుతుంది, చేను ఎత్తున ఉంటుంది. కల్వకుర్తి ఎత్తిపోతల పథకమే చూడండి. కొల్లాపూర్ దగ్గర ఎల్లూరులో కృష్ణ నీటిని ఎత్తి, జొన్నలబొగుడలో మళ్ళీ ఎత్తి, గుడిపల్లిగట్టులో మూడోసారి ఎత్తితే తప్ప పై చేలకు అందవు. పై నుంచి పడే వాన కూడా తక్కువే. పడమటి కనుమలు దాటి వచ్చేసరికి నైరుతి మేఘంలో తడి చాలావరకు అయిపోతుంది. తుంగభద్ర మీద కర్ణాటకలోని రాజోలిబండ దగ్గర ఆనకట్ట కట్టి, మన వైపు 87,500 ఎకరాలకు నీళ్ళివ్వాలని లెక్క వేశారు. కాలువ చివరి ఊళ్ళకు ఆ లెక్క ఏనాడూ సరిగా అందలేదు. చివరికి తుమ్మిళ్ల దగ్గర అదే నది నుంచి మళ్ళీ ఎత్తిపోతల పెట్టాల్సి వచ్చింది. ఆ పాప తాతగారి బోరు కథ వెనుక ఇంత ఉంది.

గ్రీసుదీ ఇలాంటి ఇబ్బందే. చుట్టూ ఉన్నది ఉప్పునీళ్ళు. నేల పలుచన, రాళ్ళు ఎక్కువ, దున్నడానికి పనికొచ్చే మైదానం తక్కువ. అందుకని గోధుమ కన్నా తక్కువ తడితో పండే బార్లీ వేసుకున్నారు. మనవాళ్ళు జొన్న వేసుకున్నట్టే. నల్లరేగడిలో దాగిన తడి మీదే యాసంగి జొన్న పండిపోతుంది. ఎర్ర చెలకల్లో ఆముదం, పల్లికాయ. గ్రీకుల కొండవాలుల్లో ఆలివ్ చెట్లు, ద్రాక్ష తీగలు. వాళ్ళు ఆలివ్ నూనెతోనే వంట చేసుకునేవారు, దీపం పెట్టేవారు, ఒంటికి రాసుకునేవారు. ఆముదం దీపం వెలుగులో చదువుకున్న తాతలు మన ఇళ్ళలో ఇంకా ఉన్నారు. ఒకసారి వాళ్ళ చేత పిల్లలకు ఆ సంగతి చెప్పించండి. ఈ రోజు మన ఇళ్ళలో సన్నబియ్యం అన్నం మామూలైపోయింది గానీ, జొన్నరొట్టె, గటక తిన్న కాలం ఎంతో దూరం లేదు.

ఇల్లు కూడా అంతే. గ్రీకు ఇళ్ళు ఎక్కువగా రాతి పునాది మీద ఎండబెట్టిన మట్టి ఇటుకలతో కట్టినవి. లోపల నాలుగు గదుల మధ్య వాకిలి. గోడ మెత్తన కాబట్టి దొంగ తలుపు జోలికి పోకుండా గోడనే తవ్వేవాడు. గ్రీకులో దొంగకు ఉన్న ఒక పేరుకు గోడ తవ్వేవాడనే అర్థం. కన్నం వేయడం అనే మాట మనకు ఎలా వచ్చిందో పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు. పాలమూరు ఊళ్ళలో పాత మట్టి మిద్దెలు ఇంకా కొన్ని నిలబడి ఉన్నాయి. కోనసీమలో అలాంటి మట్టి కప్పు ఒక్క వానాకాలం కూడా ఆగదు. ఇక్కడ వాన తక్కువ కాబట్టి ఆగింది. వేసవి రాత్రి దాని మీదే పడక.

గ్రీసులో కొండలు ఒక లోయను మరో లోయ నుంచి విడదీయడంతో వెయ్యికి పైగా చిన్న చిన్న నగర రాజ్యాలు పుట్టాయి. ప్రతి దానికీ సొంత చట్టం, సొంత దేవత. మన మూడు జిల్లాల్లో కూడా గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత, గోపాల్‌పేట అని ఇన్ని సంస్థానాలు పక్కపక్కనే ఉండేవి. నిజాం రాజ్యం పోయి, 1949లో జాగీర్లు రద్దయ్యే దాకా వాటి పేరు నడిచింది. పిల్లలు రెండూ ఒకటే అని రాసేస్తున్నారు. అది తప్పు, మార్కులు పోతాయి. ఏథెన్స్‌లో పౌరులు (ఆడవాళ్ళు, బానిసలు కాదు, మగవాళ్ళు మాత్రమే) ఒకచోట కూర్చుని నిర్ణయాలు చేసేవారు. మన సంస్థానాధీశులు నిజాంకు పేష్కష్ కట్టే రాజులు. మరో సంగతి, అన్నీ భూగోళం చేసినవే అనుకోవడం కూడా సరికాదు. నూలు ఒంటికి పట్టు అంచు కలిపి నేసే గద్వాల చీరను నది ఇవ్వలేదు. దాని వెనుక ఉన్నది నేతగాళ్ళ చేయి, సంస్థానం పోషణ.

ఇక నేను కాస్త ఎక్కువ చెప్పదలచుకున్న భాగం.

గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ ఒక కథ చెప్పాడు. థెరా అనే దీవిలో (ఇప్పటి సాంటోరిని) ఏడేళ్ళు వాన పడలేదు. చెట్లన్నీ ఎండి ఒక్కటే మిగిలింది. అప్పుడు ఊరివాళ్ళు చీటీలు వేసి, అన్నదమ్ములున్న ప్రతి ఇంటి నుంచి ఒకరిని ఎంచి, రెండు ఓడల్లో ఆఫ్రికా తీరానికి పంపారు. వెళ్ళినవాళ్ళకు దారి తోచక వెనక్కి వస్తే, సొంత ఊరివాళ్ళే దాడి చేసి ఒడ్డు ఎక్కనివ్వలేదు. మళ్ళీ వెళ్ళారు. కొన్నేళ్ళకు లిబియా వాసులు వాళ్ళను ఒక చోటికి తీసుకెళ్ళి, ఇక్కడ ఆకాశానికి చిల్లు ఉంది, ఇక్కడ ఉండండి అన్నారట. క్రీ.పూ. 630 ప్రాంతంలో అక్కడ సైరీన్ నగరం వెలసింది. ఆకాశానికి చిల్లు పడడం మన మాటే అనుకున్నాం కదా!

ఈ కథ విన్నాక ఒక పిల్లవాడు, "సార్, అంటే వలస పోయినట్టా?" అని అడిగాడు. అవునన్నాను. క్లాసు ఒక్క క్షణం నిశ్శబ్దమైంది. పాలమూరు కూలీల గురించి ఇక్కడ ఎవరికి తెలియదు? వానలు మొహం చాటేసిన ఏడు గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, ఇంటి తలుపుకు తాళం వేసి, ముసలివాళ్ళను ఊళ్ళో వదిలి వెళ్ళిన కుటుంబాలు ఎన్నో. ముంబై, పుణె, ఇంకా ఎక్కడెక్కడి ఆనకట్టలో, కాలువలో. దేశంలో పాలమూరు చేయి పడని పెద్ద ప్రాజెక్టు లేదని పెద్దలు అంటారు. ఇంకొకరి చేలకు నీళ్ళు మళ్ళించడానికి మట్టి మోసినవాళ్ళ సొంత చేలు ఇక్కడ బీడు పడి ఉండేవి. శ్రీశైలం నీళ్ళలో ఊళ్ళు మునిగి కదిలినవాళ్ళు వేరే. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపూర్‌కు తెచ్చి నిలబెట్టారు. గుడిని అయితే అలా తేవచ్చు.

ఇప్పుడు ఫీజు కట్టి మన బడికి పంపుతున్న మీలో కొందరి నాయనలు, తాతలు అలా వెళ్ళినవాళ్ళే అయి ఉంటారు. పిల్లలకు ఆ సంగతి చెప్పని ఇళ్ళు ఉన్నాయని క్లాసులో తెలుస్తోంది. తెలిసిన పిల్లలు కూడా నలుగురిలో చెప్పడానికి తల దించుకుంటున్నారు. థెరా కథను చరిత్ర అని చదివించి, తాత కథను దాచిపెడితే ఆ పాఠం సగమే అయినట్టు నాకు అనిపిస్తుంది. చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. క్లాసులో మాత్రం ఎవరినీ పేరు పెట్టి అడగం.

నీళ్ళు లేవని అందరూ ఊరు వదల్లేదు. వనపర్తి దగ్గరి చెరువుల్ని సప్త సముద్రాలని పిలుచుకుంటాం. సముద్రం లేని చోట చెరువుకు ఆ పేరు పెట్టుకోవడంలోనే ఆశ కనబడుతుంది. వనపర్తి రాజుల కాలంలో 1949లో మొదలై 1959లో పూర్తయిన సరళాసాగర్‌కు గేట్లు ఎత్తే మనిషి అక్కర్లేదు. నీళ్ళు నిండు మట్టానికి రాగానే సైఫన్ గొట్టాల్లోని గాలి బయటికి పోయి, నీళ్ళు వాటంతట అవే పారతాయి. ఇంట్లో బకెట్టు, ప్లాస్టిక్ ట్యూబు ఉంటే పిల్లలు పది నిమిషాల్లో చేసి చూడగలరు (బాత్‌రూములోనే చేయించండి). 2019 డిసెంబరు 31న దాని కట్ట తెగింది, తర్వాత మళ్ళీ కట్టారు.

నాగర్‌కర్నూల్ పిల్లలకు నల్లమల దగ్గర. అక్కడి చెంచుల పెంటలు చిన్నవి, ఎందుకంటే అడవి ఒకచోట కొద్దిమందికే తిండి పెట్టగలదు. దుంపలు తవ్వే కర్ర, తేనె కోసం కొండ అంచు నుంచి వేలాడే తాడు, ఎండాకాలం నీళ్ళున్న చోటికి మకాం మార్చడం, ఇవన్నీ హైమెండార్ఫ్ 1943లో అచ్చు వేసిన పుస్తకంలో ఉన్నాయి. చైత్ర పున్నమికి సలేశ్వరం జాతరకు వెళ్ళినవాళ్ళు ఆ లోయ దిగే దారి గుర్తు చేసుకుంటే గ్రీసు కొండ ఊళ్ళ మధ్య రాకపోకలు ఎంత కష్టమో తెలుస్తుంది. అయినా గ్రీకులు కూడా నాలుగేళ్ళకొకసారి ఒలింపియాలో కలిసేవారు.

ఈ నెల ప్రాజెక్టు ఇది. పిల్లలు ఒక చార్టు మీద తమ సొంత ఊరి పటం గీయాలి. చెరువు, వాగు, చెలక, నల్లరేగడి, గుడి, బోర్లు గుర్తించాలి. అవ్వనో తాతనో అడిగి మూడు సంగతులు కింద రాయాలి: చిన్నప్పుడు రోజూ ఏం తిన్నారు, తాగే నీళ్ళు ఎంత దూరం నుంచి తెచ్చారు, వాన పడని ఏడు ఏం చేశారు. ఊరికి వెళ్ళే వీలు లేకపోతే ఫోన్‌లో అడిగినా సరే. గద్వాల బ్రాంచి పిల్లల్లో వీలున్నవాళ్ళు కృష్ణ మధ్యనున్న గుర్రంగడ్డ దీవి ఊరి పటం కూడా ప్రయత్నించవచ్చు. దయచేసి నది దగ్గరికి పిల్లల్ని ఒంటరిగా పంపకండి. ఊరి పేర్లు తెలుగులో రాసినా, ఇంగ్లీషులో రాసినా తీసుకుంటాం. పుట్టి బొమ్మ వేస్తే అదనపు మార్కులేమీ లేవు గానీ, ఆ చార్టు గోడకు ఎక్కుతుంది.