ఉల్లిపొరల చాటున ఉత్తరము

తపాలాపెట్టెలో వేసిన ఉత్తరమును దారిలో నెవ్వరును విప్పి చదువకున్నను, పైనున్న చిరునామాలను బట్టి ఎవరు ఎవరికి వ్రాసిరో తెలియునట్లే, అంతర్జాలమున మనము పంపు సందేశముల రాకపోకలును దారిలోనివారికి తెలియుచునే యుండును. దీనికి విరుగుడుగా 1990ల నడుమ అమెరికా నౌకాదళ పరిశోధనాలయమున పాల్ సైవర్సన్ మొదలగువారు కనిపెట్టిన యుపాయమునకు ఉల్లిగడ్డ పేరే పెట్టిరి.

ఆ పద్ధతిని అనుసరించు టోర్ బ్రౌజరు, మీ సందేశమును ఒకదానిలో నొకటిగా మూడు కవర్లలో నుంచి, స్వచ్ఛందసేవకులు నడపు మూడు కంప్యూటర్ల మీదుగా పంపగా, ఒక్కొక్కటియు తన తాళపుచెవికి లొంగు కవరును మాత్రమే విప్పి, తరువాతి మజిలీ పేరు చూచి అటు త్రోయును. మొదటిదానికి మీరెవరో తెలియును గాని గమ్యము తెలియదు. చివరిదానికి గమ్యము తెలియును గాని మీరెవరో తెలియదు. నడిమిదానికి పాపము, రెండును తెలియవు!

సామాన్యముగా ఇట్టి దారిననే తప్ప చేరరాని తావులను డార్క్ వెబ్ అందురు. టోర్‌లో వాని చిరునామా 56 అక్షరాలును అంకెలును కలిసిన పేరు, చివర 'ఆనియన్' అను తోక, కంఠస్థము చేయజూడకుడు. అచ్చట మాదకద్రవ్యముల అంగళ్లును కలవు, 2019లో బి.బి.సి. తెరచిన వార్తాద్వారమును కలదు.

నౌకాదళమున పుట్టిన గుట్టు లోకమున కేల దక్కెనని మీరడుగవచ్చును. నావికులు మాత్రమే వాడు దారియైనచో, ఆ దారిన వచ్చిన ప్రతివాడును నావికుడేయని శత్రువు ఇట్టే పసిగట్టును గదా! అందుచేతనే టోర్ ప్రోగ్రామును అందరికిని ఉచితముగా విడిచిరి.