సముద్రం మీద సెలవులు: డబ్బు కట్టేముందే అడగాల్సిన మాటలు

సెలవులు అనగానే మన ఇళ్లలో ఊటీ, గోవా మాటలే నడిచేవి. ఈమధ్య క్రూయిజ్ మాట కూడా వినబడుతోంది. ముంబయి నుంచి గోవా, లక్షద్వీప్ వైపు వెళ్లే కార్డీలియా సంస్థ నౌక ‘ఎంప్రెస్’ గురించి చాలామంది వినే ఉంటారు. 1990లో తయారైన నౌక అది. దేశం లోపలి ప్రయాణమే కనుక పాస్‌పోర్టు, వీసా గొడవ లేదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు అందరికీ ఉంటే చాలు, పిల్లలతో సహా.

అసలు చిక్కు డబ్బు దగ్గరే. ప్రకటనలో కనబడేది ఎక్కువగా కిటికీ లేని లోపలి గదికి, ఇద్దరు కలిసి ఉంటే ఒక్కొక్కరికి పడే ధర. దాని మీద పోర్టు చార్జీలు, జీఎస్టీ, సిబ్బంది సేవకు రోజుకింత అని గ్రాట్యుటీ కలుస్తాయి. మూడో మనిషికి, నాలుగో మనిషికి లెక్క వేరు. భోజనం టికెట్‌లోనే ఉన్నా కూల్‌డ్రింకులు, వైఫై, స్పా, కొన్ని ప్రత్యేక రెస్టారెంట్లు విడిగా కట్టాల్సినవే. అందుకే ఏజెంటును ఒకటే అడగండి: “భాయ్, దిగేదాకా మొత్తం ఎంతవుతుంది?” ఆ అంకె రాతలో తీసుకోండి. క్యాన్సిల్ చేస్తే ఎంత తిరిగి వస్తుందో కూడా అందులోనే ఉండాలి.

రాతలో తీసుకోవాల్సింది ఇంకొకటి ఉంది, హలాల్ సంగతి. “అంతా హలాలే సార్” అని ఫోన్‌లో చెప్పే మాటకు విలువ లేదు. మాంసం ఎక్కడి నుంచి వస్తుంది, వంట, గరిటెలు విడిగా ఉంటాయా అని నౌక సంస్థకే ఈమెయిల్ పెట్టండి. స్పష్టమైన జవాబు రాకపోతే ఆ మూడు రోజులు శాకాహారంతో గడిపేయొచ్చు, అందులో ఇబ్బందేమీ లేదు. నౌకలో బార్, క్యాసినో ఉంటాయని కూడా ముందే తెలుసుకుని వెళ్లండి. ఎక్కాక పెద్దవాళ్లు ముఖం చిట్లించుకుంటే సెలవంతా పాడవుతుంది.

నమాజ్‌కు ఖిబ్లా సంగతి చాలామంది అడుగుతారు. ఇనుప నౌకలో ఫోన్ దిక్సూచి ఒక్కోసారి తప్పు చూపిస్తుంది. ముంబయి నుంచి గోవాకు నౌక దక్షిణంగా వెళ్తుంది కాబట్టి ముందుకు తిరిగి నిలబడితే పడమర కుడిచేతి వైపు, తిరుగు ప్రయాణంలో ఎడమచేతి వైపు ఉంటుంది. సాయంత్రం సూర్యుణ్ణి చూసి సరిచూసుకోండి.

అమ్మీ, అబ్బాజాన్ వెంట ఉంటే గది ఎంపికలో పిసినారితనం వద్దు. నౌక మధ్యభాగంలో, కింది అంతస్తుల్లో ఊపు తక్కువ. లిఫ్టుకు దగ్గరగా ఉంటే మోకాళ్లకూ సుఖం. కడుపులో తిప్పడానికి మాత్ర డాక్టర్‌ను అడిగి తీసుకుని, ఊపు మొదలయ్యేముందే వేయాలి. వాంతులు మొదలయ్యాక వేస్తే అంతగా పనిచేయదు. బీపీ, షుగర్ మందులు చేతిసంచిలోనే ఉండాలి, పెద్ద సామాను గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు. 24 వారాలు దాటిన గర్భిణులను చాలా నౌకలు ఎక్కించుకోవు.

కాలం కూడా చూడాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అరేబియా సముద్రం అల్లకల్లోలం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మామూలుగా నెమ్మదిగా ఉంటుంది. పిల్లల వేసవి సెలవుల్లోనే వెళ్లాలంటే మే మొదటి వారాలు మేలు.

హైదరాబాద్ నుంచి రైల్లో వెళ్లేవాళ్లకు నౌక ఎక్కే బల్లార్డ్ పియర్ సీఎస్‌ఎంటీ స్టేషన్‌కు దగ్గరే. అయినా ఒకరోజు ముందే ముంబయి చేరండి. రైలు ఆలస్యమైందని నౌక ఆగదు. గోవాలో దిగినప్పుడూ అంతే. బీచ్‌లో పిల్లలు ఎంత మారాం చేసినా, చెప్పిన సమయానికి గంట ముందే రేవుకు వచ్చేయాలి. లక్షద్వీప్ వెళ్లేవాళ్లు అక్కడికి కావాల్సిన పర్మిట్ ఎవరు తెప్పిస్తారో బుకింగ్ అప్పుడే అడగాలి.

ఇస్త్రీపెట్టె తీసుకెళ్లకండి, అగ్నిప్రమాద భయంతో తీసేసుకుంటారు. ఎక్కిన రోజు జరిగే భద్రతా డ్రిల్‌కు అందరూ వెళ్లాల్సిందే. ఇక ఫోన్: రేవు దాటగానే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. మా బంధువు ఒకాయన మరచిపోయాడు. నౌకలోని శాటిలైట్ నెట్‌వర్క్ రోమింగ్ బిల్లు వచ్చాక, ఇంట్లో ఎవరైనా క్రూయిజ్ అంటే చాలు, లేచి బయటికి వెళ్లిపోతున్నాడు.