రామోన్స్ తొలి ఆల్బమ్: వాచ్యార్థానికీ వ్యంగ్యానికీ నడుమ

పంక్ రాక్ చరిత్రను చెప్పేవారు తరచు 'రామోన్స్' ఆల్బమ్‌తో ఆరంభిస్తారు. న్యూయార్క్ నగరంలోని క్వీన్స్ ప్రాంతంలో 1974లో ఏర్పడిన బృందం 1976 ఏప్రిల్ 23న సైర్ రికార్డ్స్ ద్వారా దీనిని వెలువరించింది. జోయీ, జానీ, డీ డీ, టామీ అనే ఈ నలుగురూ అన్నదమ్ములు కారు. 'రామోన్' అన్నది వారు పెట్టుకున్న ఇంటిపేరు.

సుదీర్ఘమైన గిటారు విన్యాసాలు ప్రతిభకు గుర్తుగా చెలామణి అవుతున్న కాలమది. ఈ ఆల్బమ్‌లోని 14 పాటలూ కలిపి సుమారు 29 నిమిషాలు. అన్నిటికంటె పెద్ద పాట సైతం మూడు నిమిషాలకు చేరదు. వారం రోజులలో, దాదాపు 6,400 డాలర్ల వ్యయంతో రికార్డింగు ముగిసింది. అయితే డబ్బు లేకనే ఈ రూపం వచ్చిందనుకోవడం పొరపాటు. బేస్ గిటారు ఒక చెవికి, జానీ గిటారు మరో చెవికి, గానమూ డ్రమ్స్ నడుమనూ వినిపించేటట్లు ధ్వనిని విభజించారు. జానీ తీగలను పైనుండి కిందికే మీటుతూ పాట పొడవునా ఒకే వేగాన్ని నిలుపుతాడు. వినడానికి సులువే, వాయించి చూసినవారికి దాని కష్టం తెలుస్తుంది.

సాహిత్య విద్యార్థిని ఆకర్షించేది ఇందలి భాష. నాలుగు పాటల శీర్షికలలో కావాలనో వద్దనో చెప్పే ఒకే వాడుక క్రియ ఉంది. జిగురు వాసన పీల్చాలన్నా, నేలమాళిగలోకి దిగనన్నా, ప్రేమను అర్థించినా ఆ పాత్రకు మరో వాక్యం తెలియదు. ఈ అమాయకపు మాట రచయితలది కాదని, వారు సృష్టించిన పాత్రదని గ్రహించాలి.

ఆ గ్రహింపు అసలు పరీక్షకు నిలిచేది చివరి పాటలో. అందులో మాట్లాడేది నాజీ యువకుడు. సైర్ అధినేత సీమోర్ స్టైన్ అభ్యంతరం చెప్పగా కొన్ని మాటలు మార్చారు. జోయీ యూదుడు. టామీ బుడాపెస్ట్‌లో, యూదుల జనసంహారం నుండి బయటపడిన దంపతులకు జన్మించాడు. డీ డీ బాల్యం చాలావరకు జర్మనీలో గడిచింది. కనుక దీనిని నాజీ సమర్థనగా చదవడం తగదు. అయినా ఒక చిక్కు మిగులుతుంది. ఇక్కడి వ్యంగ్యం పాటలో కంటె గాయకుల జీవితాలలోనే ఎక్కువగా ఉంది. ఆ జీవితాలు తెలియని శ్రోతకు దక్కేది వాచ్యార్థమే. ధ్వనికి సహృదయుడు కావాలన్న ఆలంకారికుల మాట ఈ పాటను కాపాడుతుంది, దాని లోపాన్నీ పట్టిస్తుంది.

మన్‌హట్టన్‌లో యువకులు దేహాన్ని అమ్ముకునే ఒక వీధికూడలిపై డీ డీ రాసిన పాటలో ఇట్టి చిక్కు లేదు. గిరాకీ దొరకక నిలబడిన యువకుడే అందులో కథకుడు. మధ్య భాగాన్ని డీ డీ స్వయంగా పాడతాడు. స్వరం మారిన ఆ కొద్ది క్షణాలలో హాస్యం పూర్తిగా ఆగిపోతుంది. ఆల్బమ్‌లో నాకు ఉత్తమంగా తోచే ఘట్టం అదే.

విడుదలైనప్పుడు బిల్‌బోర్డ్ పట్టికలో ఈ ఆల్బమ్ 111వ స్థానాన్ని దాటలేదు. అమెరికాలో 5 లక్షల ప్రతులకు ఇచ్చే గోల్డ్ గుర్తింపు 2014 ఏప్రిల్‌లో లభించింది. అప్పటికి నలుగురిలో టామీ ఒక్కడే జీవించి ఉన్నాడు. అదే ఏడు జూలై 11న అతడూ మరణించాడు.