ఏడిళ్ల దారిలో తప్పిన కూన

నాచారం పారిశ్రామికవాడలో రేకుల షెడ్ల వెనక, పాత అట్టపెట్టెల సందుల్లో పిల్లులు పిల్లలు పెట్టడం మామూలే. తల్లిపిల్లి కూనల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. ఒక్కొక్కదాన్నే నోట కరుచుకుని చోటు మారుస్తుంది కాబట్టి, ఆ రాకపోకల మధ్య ఏదో ఒక కూన కాసేపు ఒంటరిగా మిగులుతుంది. అయ్యో తల్లి లేదే అనుకుని ఎవరో ఇంటికి తెచ్చేసుకుంటారు. కుక్కల భయం, బండ్ల భయం లేని చోటైతే దూరంగా ఉండి కొన్ని గంటలు గమనించడమే ఆ కూనకు చేసే మొదటి మేలు.

తల్లి ఎంతకీ రాకపోతే పెంచక తప్పదు. రెండు రోజులు గడిచేసరికి కొత్త దిగులు పట్టుకుంటుంది. పాలు తాగుతోంది, దొడ్డికి మాత్రం వెళ్లట్లేదు.

దీనికి కారణం చాలాసార్లు జబ్బు కాదు. సుమారు మూడు వారాల వయసు దాకా పిల్లికూన తనంతట తాను మలమూత్రాలు విసర్జించలేదు. తల్లి తోక కింద నాకితేనే అవి బయటికొస్తాయి. తెచ్చుకున్నవాళ్లు పాలైతే పట్టగలరు, ఆ నాలుక పనెవరు చేస్తారు?

గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన దూది చేస్తుంది. పాలు పట్టిన ప్రతిసారీ తోక కొంచెం ఎత్తి, ఆ భాగమంతా తేలిగ్గా, తల్లి నాకినట్టే, ఓ నిమిషం పాటు అద్దుతూ తుడవాలి. రుద్దితే లేత చర్మం కందిపోతుంది. మూత్రం త్వరగానే దూదిని తడుపుతుంది. మరక లేతగా ఉంటే మంచిదే. ముదురు పసుపైతే ఒంట్లో నీరు చాలట్లేదని అర్థం. అలాంటి కూనకు దొడ్డి కూడా మేక పెంటికల్లా గట్టిపడుతుంది.

పాలపొడి చిక్కగా కలిపినా ఇదే చిక్కు. పిల్లికూనల కోసం అమ్మే పొడినే, డబ్బా మీద చెప్పిన కొలతలో కలపాలి. ఆవుపాలు, గేదెపాలు వాటికి సరిపడవు. విరేచనాలై ఉన్న నీరు కాస్తా పోతుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఒళ్లు చల్లబడిన కూనకు పేగులు సరిగా కదలవు. ముందు గుడ్డలో చుట్టి వెచ్చబరచాలి, ఆ తర్వాతే పాలు. అదీ బోర్లా ఉంచి పట్టాలి, వెల్లకిలా కాదు.

ఆముదం పట్టించడం, మనుషుల ఎనిమా వాడటం మాత్రం ఎంతమాత్రం వద్దు. బలవంతంగా పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగవచ్చు. ఫాస్ఫేట్ ఎనిమా పిల్లుల ప్రాణమే తీస్తుంది. మలద్వారం నుంచి పతంగి దారమో కుట్టు దారమో వేలాడుతుంటే లాగకూడదు, లోపల పేగు తెగుతుంది.

ఒకరోజు దొడ్డికి రాకపోయినా పొట్ట మెత్తగా ఉండి, కూన హుషారుగా తాగుతుంటే కంగారు అక్కర్లేదు. రెండు రోజులు దాటినా, పొట్ట బిగిసినా, వాంతులైనా, పాలు మానేసినా పశువైద్యుడి దగ్గరికి పరుగెత్తాల్సిందే. మూత్రం రాకపోతే అంతసేపు కూడా ఆగకూడదు. దగ్గర్లో డాక్టరు దొరక్కపోతే నాచారం, ఉప్పల్ వాళ్లకు నగరం అటు చివర రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఉంది. 1992లో మొదలైన జంతు సంరక్షణ సంస్థ బ్లూ క్రాస్ జూబ్లీహిల్స్‌లో ఉంది. వెళ్లేటప్పుడు ఏ పాలు, ఎంత, ఎన్నింటికి పట్టారో, ఆఖరిసారి దొడ్డి ఎప్పుడైందో కాగితం మీద రాసుకెళ్తే డాక్టరుకు సగం పని తగ్గుతుంది.

నాలుగో వారం నాటికి లోతు తక్కువ ట్రేలో కాస్త ఇసుక పోసి పెట్టవచ్చు. కూన దాన్ని వాసన చూస్తుంది, ముందుకాలితో గీరుతుంది, తోక పక్కకు పెట్టి కూర్చుంటుంది. ఇక దూదితో పని ఉండదు.